పాత పోర్షే బాక్‌స్టర్ కొనేటప్పుడు మైలేజీ చూడాలా, మెయింటెనెన్స్ చూడాలా?

అమెరికాలో 2003 బాక్‌స్టర్ (పోర్షే వాళ్ల రెండు సీట్ల స్పోర్ట్స్ కారు) అమ్మకానికి ఉంది, 40 వేల మైళ్లే తిరిగింది, కొనొచ్చా అని అడిగారు.

తక్కువ తిరిగిందన్న ఒక్క మాట మీద కొనకండి. ఏళ్ల తరబడి షెడ్డులో ఉన్న కారుకు రబ్బరు సీళ్లు, గొట్టాలు గట్టిపడతాయి. టైర్లు అరక్కపోయినా పాతబడతాయి. టైరు పక్కన ఉండే తయారీ కోడ్‌లో చివరి నాలుగు అంకెలు చూడండి: 2314 అంటే 2014లో 23వ వారం. అలాంటివి కనిపిస్తే నాలుగు కొత్త టైర్ల ఖర్చు బేరంలోనే తగ్గించమనండి.

అసలు టెన్షన్ ఇంజన్ లోపలి ఐఎంఎస్ బేరింగ్‌తో, అంటే ఇంటర్మీడియట్ షాఫ్ట్ అనే ఇరుసును పట్టి ఉంచే బేరింగ్‌తో. ఆ కాలపు బాక్‌స్టర్లలో అది విరిగితే ఇంజనే పోవచ్చు. దాన్ని మార్చాలంటే గేర్‌బాక్స్ దించాలి. మాన్యువల్ కారైతే క్లచ్‌కీ అదే దించాలి కాబట్టి రెండూ ఒకేసారి చేయిస్తే లేబర్ ఖర్చు కలిసొస్తుంది. ఈ పని అయినట్టు బిల్లు ఉంటే, 80 వేల మైళ్లు తిరిగిన బండికే నా ఓటు.

కారు ధర పడిపోయినా స్పేర్ పార్టులు మాత్రం పోర్షే ధరలోనే ఉంటాయి. చేతిలో ఉన్నదంతా కారుకే పెట్టేయకుండా మొదటి ఏడాది రిపేర్లకు కొంత విడిగా ఉంచుకోండి. అడ్వాన్స్ ఇవ్వకముందే పోర్షేలు బాగా తెలిసిన మెకానిక్‌తో, కారును లిఫ్ట్ ఎక్కించి కింద నుంచి చూపించండి.