రెక్కాడుతున్నా డొక్కాడదెందుకు?

ప్రశ్న: మా ఆఫీసులో ఒకాయన ఎప్పుడూ, "ఈ రోజుల్లో పేదరికానికి కారణం బద్ధకమే. దానికి తోడు తాగుడు, దండగ ఖర్చులు" అంటుంటారు. కాదనాలని ఉంటుంది కానీ సమయానికి జవాబు తోచదు. అసలు కారణాలేమిటి?
- ఒక పాఠకురాలు

జవాబు: ఆ మాట నూరేళ్ళ కిందటా అనేవారమ్మా. 1899లో ఇంగ్లండులోని యార్క్ నగరంలో సీబోమ్ రౌంట్రీ అనే ఆయన కార్మికుల ఇళ్ళు గడపగడపా తిప్పించి లెక్కలు తీయించాడు. ఆయనేమీ కూలివాడు కాదు, చాక్లెట్ ఫ్యాక్టరీ యజమాని కొడుకు. 1901లో ఆ లెక్కలు అచ్చయ్యాయి. కనీసావసరాలకు కూడా రాబడి చాలని జనంలో సగానికి పైగా, సంపాదించే మనిషి రోజూ పనికి వెళ్తున్న ఇళ్ళవాళ్ళే! వచ్చే కూలి చాలడం లేదు, అంతే. ఈ కారణానికి ఇప్పటికీ వయసు మీద పడలేదు.

తాగుబోతులు లేరా అంటే ఉన్నారు. కలిగినవాళ్ళలోనూ ఉన్నారు. కాకపోతే ఆ ఇళ్ళు కూలడానికి రెండు తరాలు పడుతుంది.

ఇక దండగ ఖర్చులు, తెలివితక్కువ లెక్కలు. తమిళనాడులో చెరకు రైతులకు కోతకు ముందొకసారి, డబ్బు చేతికొచ్చాక ఇంకోసారి బుద్ధికి సంబంధించిన పరీక్షలు పెట్టారు. ఆ ఫలితాలు 2013లో వచ్చాయి. చేతిలో డబ్బు ఆడని రోజుల్లో అదే రైతు తక్కువ మార్కులు తెచ్చుకున్నాడు. అప్పుల టెన్షన్ బుర్రలో సగం ఆక్రమించుకుంటే మిగిలిన సగంతో ఎవరు మాత్రం ఏం లెక్కలు వేస్తారు?

నేను ఇరవై ఆరేళ్ళు లోన్ల కౌంటర్లో కూర్చున్నాను. అక్కడ నాకు అర్థమైంది ఒకటుంది. పుట్టుకతో పేదలైనవాళ్ళు ఎంతమంది ఉన్నారో, బాగానే ఉండి జారిపడినవాళ్ళు నా ముందు అంతమందీ కూర్చున్నారు. "ఎలా జరిగింది?" అని అడిగితే కథ ఎక్కడ మొదలైనా రెండో మాట "ఆ తర్వాత ఇంట్లో ఒకరికి ఒంట్లో బాగోక..." అనే వచ్చేది. అనిరుధ్ కృష్ణ అనే పరిశోధకుడు మన దేశం, కెన్యా, ఉగాండా, పెరూ, చివరికి అమెరికాలో కూడా వేల కుటుంబాలను ఇదే అడిగారు. జనాన్ని కిందికి లాగే కారణాల్లో జబ్బులు, వైద్యం ఖర్చులే ముందు వరసలో తేలాయి.

ఒకామె గుర్తుంది. బట్టలు కుట్టేది, చేతి నిండా పని. భర్తకు కాలు విరిగింది. ఆస్పత్రి ఖర్చులకు ముందు దాచుకున్నది పోయింది, తర్వాత అప్పు, ఆఖరికి కుట్టుమిషను అమ్మేసింది. కాలు నాలుగు నెలల్లో అతుక్కుంది. మిషను మాత్రం మళ్ళీ రాలేదు. అద్దె మిషను మీద కుట్టడం మొదలుపెట్టింది. అవే గంటలు, అదే పనితనం. కానీ వచ్చినదాంట్లో ఒక వాటా అద్దెకు, ఇంకోటి వడ్డీకి. నన్నడిగితే ఆమె పేదరాలైంది కాలు విరిగిన రోజున కాదు, మిషను గడప దాటిన రోజున. ఇందులో బద్ధకం ఎక్కడుందో మీ ఆఫీసాయన్నే చూపించమనండి.

1976లో బంగ్లాదేశ్‌లోని జోబ్రా గ్రామంలో మహమ్మద్ యూనుస్ (పేదలకు చిన్న అప్పులిచ్చే గ్రామీణ్ బ్యాంకును తర్వాత పెట్టినాయన) ఇలాంటివాళ్ళనే 42 మందిని లెక్కపెట్టారు. వాళ్ళందరి అప్పూ కలిపితే తేలింది 27 డాలర్లు! ఆయన తన జేబులోంచే ఇచ్చారు. అలాగని చిన్న అప్పు అందరినీ ఒడ్డున పడేస్తుందని నేననను. ఒక అప్పు తీర్చడానికి ఇంకో అప్పుకు వచ్చినవాళ్ళనూ చూశాను.

ఆ కుట్టుపని ఆమె కూడా మిషను కొనుక్కుంటానని నా కౌంటరుకే వచ్చింది. రూలు ప్రకారం తనఖా ఏం పెడతావని అడిగాను. ఆమెకు ఒకప్పుడు ఉన్న ఒక్క ఆస్తీ ఆ అమ్మేసిన పాత మిషనే. ఫారం వెనక్కి ఇచ్చేశాను.