నాలుక్కే చీకటి: గోడౌన్‌లో లైటు లేకపోతే ఎవరిని అడగాలి?

సందేహం: నమస్తే అండీ. మాది గాజువాక. స్టీల్‌ప్లాంట్‌లో పనిచేసి రిటైరయ్యాను. మా అబ్బాయి బ్రిటన్‌లో మాంచెస్టర్ దగ్గర ఎమ్మెస్సీ చదువుతూ, వారంలో కొన్ని గంటలు ఏజెన్సీ ద్వారా ఒక గోడౌన్‌లో పని చేస్తున్నాడు. మొన్న లోడింగ్ యార్డులో జారి పడ్డాడు. దెబ్బ పెద్దది కాదు. కానీ ఆ మూల లైటు చాలా రోజులుగా వెలగట్లేదట. చెబితే షిఫ్టులు ఇవ్వరేమోనని ఎవరూ నోరు మెదపట్లేదట. మా ప్లాంట్‌లో అయితే సేఫ్టీ వాళ్ళు ఊరుకునేవారు కాదు. అక్కడ అడిగే హక్కు మనవాళ్ళకి ఉందా? మా పక్కింటి అమ్మాయి కూడా జనవరిలో వెళుతోంది. ఏం చెప్పి పంపమంటారు?

జవాబు: అడిగే హక్కు ఉందండీ, ఏజెన్సీ కుర్రాడికి కూడా ఉంది. షిఫ్టులు పోతాయన్న భయం కూడా ఉత్తిది కాదు. దాని సంగతి తరవాత చెబుతాను. ముందు ఆ చీకటి ఎలాంటిదో చెప్పాలి, ఎందుకంటే విశాఖలో కూర్చుంటే అది ఊహకి అందదు.

మన దగ్గర డిసెంబర్ ఆఖర్లో కూడా పగలు పదకొండు గంటలు ఉంటుంది. ఆరున్నర లోపే తెల్లారుతుంది, పొద్దు గూకేసరికి ఐదుంపావు దాటుతుంది. అవే రోజుల్లో మాంచెస్టర్‌లో సూర్యుడు ఉదయం 8.20కి వచ్చి, మధ్యాహ్నం నాలుగు లోపే వెళ్ళిపోతాడు. ఈ మాట మా మేనత్తతో అంటే "అదేటి బాబూ, నాలుక్కే చీకటి పడిపోద్దా, మరి పనులెప్పుడు చేసుకుంటారు?" అంది. చీకట్లోనే చేసుకుంటారు. పొద్దున్న ఆరుకి షిఫ్టు ఎక్కినవాడికి మొదటి రెండు గంటలూ రాత్రే. మధ్యాహ్నం రెండు గంటలకి ఎక్కిన వాడికి ఆ షిఫ్టంతా కలిపి రెండు గంటల పగలు. దీనికి తోడు అక్టోబర్ ఆఖరి ఆదివారం గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు. శుక్రవారం దాకా వెలుతురులో షిఫ్టు దిగినవాడు సోమవారం అదే టైముకి చీకట్లో దిగుతాడు. యార్డులో ఏ లైటు పాడైందో ఆ వారమే బయటపడుతుంది, ఎందుకంటే వేసవంతా దాని అవసరం ఎవరికీ రాలేదు.

ఉన్న ఆ కాస్త ఎండ కూడా తిన్నగా ఉండదు. డిసెంబర్ మధ్యాహ్నం విశాఖలో సూర్యుడు 49 డిగ్రీల ఎత్తుకి వస్తాడు. మాంచెస్టర్‌లో 13 డిగ్రీలే. అంటే మిట్టమధ్యాహ్నం కూడా ఎండ ఎదురుగా వచ్చి కళ్ళల్లో పొడుస్తుంది. షెడ్డు లోంచి బయటికొచ్చే ఫోర్క్‌లిఫ్ట్ (సామాను ఎత్తే బండి) డ్రైవర్‌కి ఆ క్షణంలో ముందున్న మనిషి కనిపించడు. కాబట్టి "పగలే కదా" అని వాడి ముందు నుంచి దాటొద్దని మీ అబ్బాయికి చెప్పండి. డ్రైవర్ తనని చూసి తలాడించాకే కదలాలి.

ఇక మీవాడు పడ్డ యార్డు సంగతి. అక్కడ ప్రమాదం చీకటి వల్ల ఎంతో, లోపలి వెలుగు వల్ల కూడా అంతే. లోపల ధగధగలాడే లైట్ల కింద గంటలకొద్దీ స్కానర్ చూసి చూసి, ఒక్కసారిగా తలుపు తోసుకుని బయటికొస్తే కన్ను తట్టుకోదు. రంగులు చూసే కణాలు కుదురుకోవడానికే పది నిమిషాలు పడుతుంది. మసక వెలుతురులో చూసే కణాలు పూర్తిగా తేరుకోవడానికి అరగంట. ఆ పది నిమిషాల్లోనే మనవాడు ట్రాలీ లాక్కుంటూ యార్డు దాటేసి ఉంటాడు. కింద ఏముందో చూడండి: నీళ్ళు గడ్డకట్టి నేల రంగులోనే కలిసిపోయిన మంచు పొర, ప్యాలెట్ల మీంచి ఊడిపడ్డ పారదర్శకమైన ప్లాస్టిక్ ర్యాప్, లారీకీ సరుకు ఎక్కించే గట్టుకీ మధ్య జానెడు సందు. ఈ మూడూ పక్కనుంచి వెలుగు పడి మెరిస్తేనే కనిపిస్తాయి. కళ్ళజోడు ఉంటే బయట నుంచి లోపలికి రాగానే అద్దాలు ఆవిరి కమ్మి ఇంకో నిమిషం గుడ్డితనం.

అక్కడి హెల్త్ అండ్ సేఫ్టీ ఎగ్జిక్యూటివ్, అంటే కార్మికుల భద్రత చూసే ప్రభుత్వ సంస్థ, ఇలాంటి చోట్లకి లెక్కలు ఇచ్చింది. లారీలు ఆగే చోటుకీ, మనుషులు నడిచే దారులకీ సగటున 20 లక్సుల (లక్స్ అంటే వెలుగుని కొలిచే ప్రమాణం) వెలుగు, ఏ మూలా 5కి తగ్గకూడదు. లోడింగ్ బే, అంటే లారీలకి సరుకు ఎక్కించే చోటు అయితే సగటు 50, కనీసం 20. కాగితం చదివే, సామాను వివరంగా చూసే పనికి 200. లోపలి షెడ్డుకీ బయటి లోడింగ్ బేకీ మధ్య తేడా పది రెట్లు మించొద్దని కూడా చెబుతుంది. ఫోన్‌లో లక్స్ కొలిచే యాప్‌లు ఉంటాయి గానీ వాటిని పట్టుకుని మేనేజర్‌తో వాదనకి దిగొద్దు, ఫోను ఫోనుకీ లెక్క మారుతుంది. చేతిలో ఉన్న లేబుల్ మీద అక్షరాలు తల వంచకుండా చదవగలుగుతున్నాడా, పది అడుగుల అవతలి గట్టు అంచు కనిపిస్తోందా? కనిపించకపోతే చాలు, చెప్పడానికి అంతకన్నా రుజువు అక్కర్లేదు.

లైటు "ఉంది" అన్నంత మాత్రాన ఊరుకోకూడదు. నేను గోడౌన్ల మెయింటెనెన్స్‌లోనే ఉన్నాను కాబట్టి ఈ జబ్బులన్నీ తెలుసు. పాత ట్యూబ్‌లైట్లు చలికి పూర్తి వెలుగు ఇవ్వవు, మిణుకుమంటూ సతాయిస్తాయి. ఎల్‌ఈడీలకి చలితో పేచీ లేదు. పెద్ద షెడ్లలో పైన వేలాడే పాత సోడియం, మెటల్ హాలైడ్ దీపాలు కరెంటు ఒక్క సెకను పోయి వచ్చినా మళ్ళీ పూర్తిగా వెలగడానికి కొన్ని నిమిషాలు తీసుకుంటాయి, అంతసేపూ ఎమర్జెన్సీ లైట్లే దిక్కు. నారింజ రంగు సోడియం లైటు కింద రంగులు ఎలా మోసం చేస్తాయో విశాఖ వాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు, హుద్‌హుద్ తరవాత మన వీధుల్లో తెల్ల ఎల్‌ఈడీలు వచ్చాక గానీ ఆ తేడా తెలిసిరాలేదు. అలాంటి లైటు కింద ఎర్ర ట్యాగు, గోధుమ రంగు ట్యాగు ఒకేలా ఉంటాయి.

అన్నిటికన్నా నాకు కోపం తెప్పించేది కరెంటు ఆదా కోసం పెట్టే సెన్సర్ లైట్లు. మనిషి కదిలితే వెలుగుతాయి, కదలకపోతే ఆరిపోతాయి. నేను ఇదివరకు పనిచేసిన ఒక చోట ర్యాకుల మధ్య నిచ్చెన మీద నిలబడి పై అరలో నంబర్లు చూసుకుంటున్న కుర్రాడికి టప్పున చీకటి పడిపోయేది. చెయ్యి ఊపితే వెలిగేది. నిచ్చెన మీద చెయ్యి ఊపడం ఏమిటండీ! టైమర్ కాస్త పెంచితే తీరిపోయే సమస్య. అది పెంచడానికి స్క్రూడ్రైవరూ, ఐదు నిమిషాలూ చాలు. ఎవరూ అడగకపోవడం వల్ల చలికాలం మొత్తం అలాగే గడిచింది.

మురికి కూడా చిన్న విషయం కాదు. లైటు మీద దుమ్ము పేరుకుంటే వెలుగు పడిపోతుంది, బల్బు మార్చినా లాభం ఉండదు. మీకు ప్లాంట్‌లో గుర్తుండే ఉంటుంది, మన 1948 ఫ్యాక్టరీల చట్టం 17వ సెక్షన్‌లో సరిపడా వెలుతురు ఉండాలనడంతో ఆగకుండా, వెలుగు కోసం పెట్టిన అద్దాల కిటికీలు లోపలా బయటా శుభ్రంగా ఉంచాలని, కళ్ళు చెదిరే కాంతీ, కాలు తడబడే నీడలూ లేకుండా చూడాలని రాశారు. బ్రిటన్‌లో 1992 నాటి వర్క్‌ప్లేస్ నిబంధనల్లో 8వ నిబంధన అలాంటిదే: పనిచేసే ప్రతి చోటా తగినంత, తగిన వెలుతురు ఉండాలి. ఉన్నపళంగా లైట్లు పోతే ప్రమాదం అనుకున్న చోట ఎమర్జెన్సీ లైట్లూ ఉండాలి. మీ ప్లాంట్ పద్ధతి అక్కడ కొత్తేమీ కాదు, మనవాళ్ళు అడగడమే కొత్త.

ఎలా అడగాలో చెబుతాను. నోటితో సూపర్‌వైజర్‌కి చెప్పి వదిలేస్తే అది గాలికి పోతుంది. చెప్పిన రోజే ఒక ఈమెయిలో, మెసేజో పెట్టాలి. ఫలానా నంబరు బే పక్కన గోడ లైటు వెలగట్లేదు, ఫలానా తేదీ సాయంత్రం ఇన్ని గంటలకి అక్కడ జారాను, ఇంకెవరికైనా దెబ్బ తగలక ముందు చూడండి. అంతే, ఆవేశం అక్కర్లేదు. ఫొటో ఉంటే మంచిదే, కానీ చాలా గోడౌన్లలో లోపల ఫోన్ తీయనివ్వరు, ఆ రూలు తప్పి చిక్కుల్లో పడొద్దు. అదే మెసేజ్ ఏజెన్సీకీ పంపాలి. పని చేయించుకునే కంపెనీకీ, పంపిన ఏజెన్సీకీ ఇద్దరికీ బాధ్యత ఉంటుంది కాబట్టి ఒకరి మీద ఒకరు తోసుకునే వీలివ్వకూడదు. యూనియన్ ఉంటే అందులో సేఫ్టీ ప్రతినిధి ఉంటాడు, మెంబరు కాకపోయినా వెళ్ళి మాట్లాడొచ్చు.

మీవాడు పడ్డ సంగతి యాక్సిడెంట్ బుక్‌లో రాయించాడా? ముందు అది అడగండి. "చిన్న దెబ్బే కదా" అని మనవాళ్ళు వదిలేస్తారు. రేపు మోకాలు వాచి డాక్టర్ దగ్గరికి వెళితే ఎక్కడ, ఎప్పుడు జరిగిందో చూపించే అసలు కాగితం అదే. ఇప్పటికైనా రాయించమనండి.

ఇప్పుడు భయం సంగతి. గ్యారంటీ గంటలు లేని పని అయితే "నిన్ను తీసేశాం" అని ఎవరూ అనరు, వచ్చే వారం షిఫ్టు మెసేజ్ రాదు, అంతే. అబద్ధం చెప్పి మిమ్మల్ని ఓదార్చలేను, అలా జరుగుతుంది. కానీ చట్టం వాడి వైపే ఉంది. తీవ్రమైన ప్రమాదం ఎదురుగా ఉందని సహేతుకంగా నమ్మి పని వదిలి పక్కకి వచ్చినందుకు నష్టం చేయకూడదని అక్కడి 1996 ఉద్యోగ హక్కుల చట్టం 44వ సెక్షన్ చెబుతుంది. 2021 మే 31 నుంచి అది పర్మనెంటు ఉద్యోగులకే కాక ఇలాంటి వర్కర్లకీ వర్తిస్తోంది. మెసేజ్ రాతపూర్వకంగా ఉండాలన్నది ఇందుకే. వారం పది రోజులు చూసినా లైటు వెలగకపోతే బయట చెప్పొచ్చు: గోడౌన్ అయితే మామూలుగా ఆ ఊరి కౌన్సిల్‌కీ, ఫ్యాక్టరీ అయితే హెల్త్ అండ్ సేఫ్టీ ఎగ్జిక్యూటివ్‌కీ. పేరు బయటపెట్టొద్దని కోరొచ్చు.

లైటు గురించి ఫిర్యాదు చేసినంత మాత్రాన వీసాకి ఏమీ కాదు. వీసాకి ముప్పు వేరే చోట ఉంది. డిగ్రీ, మాస్టర్స్ చదివే స్టూడెంట్ వీసా మీద యూనివర్సిటీ టర్మ్ నడిచే రోజుల్లో వారానికి 20 గంటలకి మించి పని చేయకూడదు. దాన్ని దాటినవాళ్ళూ, చేతికి క్యాష్ తీసుకునేవాళ్ళూ చీకట్లో పడి చెయ్యి విరిగినా నోరు విప్పలేరు, ఆ సంగతి యజమానికీ తెలుసు. మీ అబ్బాయిని సూటిగా అడగండి. గంటలు సరిగ్గా ఉంటే ధైర్యంగా రాయమనండి. లేకపోతే ముందు అది సరిచేసుకోమనండి.

పనికి వెళ్ళే దారి కూడా పనిలో భాగమే అనుకోవాలి. ఈ గోడౌన్లన్నీ ఊరి బయట ఉంటాయి, బస్సు దిగాక ఒక్కోసారి ఫుట్‌పాత్ ఉండదు. అలాంటప్పుడు ఎదురుగా వచ్చే బండ్లు కనిపించేలా రోడ్డుకి కుడి పక్కన నడవాలి. సైకిల్ అయితే రాత్రి ముందు తెల్ల లైటు, వెనక ఎర్ర లైటు, ఎర్ర రిఫ్లెక్టర్ తప్పనిసరి.

గోడౌన్లలో వేసుకునే పసుపుపచ్చ సేఫ్టీ చొక్కా గురించి ఒక మాట. ఆ పసుపు రంగు పగటి వెలుతురులోనే మెరుస్తుంది, రాత్రి అదీ మామూలు గుడ్డే. రాత్రి పనిచేసేది దాని మీది వెండి పట్టీలు. బండి హెడ్‌లైటు వాటి మీద పడి తిరిగి డ్రైవర్ కంటికి చేరాలి. చలికి తట్టుకోలేక మనవాళ్ళు ఆ చొక్కా మీద నల్ల జాకెట్ వేసుకుంటారు. జగదాంబ సెంటర్‌లో ముచ్చటపడి కొన్న మందపాటి జాకెట్టే! దాంతో పట్టీలు మాయం, మనిషి మాయం. జాకెట్ లోపల, చొక్కా పైన. సైజు చాలకపోతే పెద్దది అడగాలి.

పక్కింటి అమ్మాయి ఆ చొక్కా ఇక్కడి నుంచి కొనుక్కుని వెళ్ళక్కర్లేదు. రక్షణకి అవసరమైన చొక్కా, బూట్లు ఉచితంగా ఇవ్వాల్సింది పని చేయించుకునేవాళ్ళే. 2022 ఏప్రిల్ నుంచి ఆ నిబంధన పర్మనెంటు కాని ఇలాంటి వర్కర్లకీ వర్తిస్తోంది. జీతంలో కోస్తే ఒప్పుకోవద్దని చెప్పండి. విటమిన్ డి మాత్రలు అక్కడే చవగ్గా దొరుకుతాయి, అక్టోబర్ నుంచి మార్చి దాకా రోజూ 10 మైక్రోగ్రాములు వేసుకోమని అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థే చెబుతుంది. విమానం ఎక్కేలోపు విశాఖలోనే చేయించుకోవాల్సింది కంటి పరీక్ష. కొద్దిపాటి సైటు ఉన్నా మన ఎండలో తెలియదు, అక్కడి మసకలో మొదటి వారమే తెలుస్తుంది. అద్దాలు అవసరమైతే రెండు జతలు చేయించుకోమనండి, అక్కడ వాటికి ఇక్కడికన్నా బాగా ఎక్కువే అవుతుంది.