జింక కొమ్ము పిడి కత్తి కొనే ముందు, మా చిన్నోడికి

ఒరేయ్ చిన్నోడా,

నువ్వు పంపిన ఫోటో చూశా, మీ పెద్దమ్మకి కూడా చూపించా, ఆమె అయితే "ఇదేందబ్బా పిడి చెట్టు బెరడు మాదిరి ఉండాది, కడిగేదెట్టా" అనింది. ఆడోళ్లు మొదట అడిగేదే అసలు ప్రశ్న, దాని సంగతి తర్వాత చెప్తా. కత్తి మాత్రం బాగుందిరా. కొమ్ము పిడి చూస్తే చెయ్యి దానంతటదే పోతాది, నలభై ఏళ్లు కొలిమికాడ కూర్చున్నోడిని నాకే పోతాది, ఇంక ఇంగ్లండ్‌లో అద్దాల షాపులో చూసిన నీకు పోకుండా ఎట్టా ఉంటాది.

ముందు ఒకటి అర్థం చేసుకో. మనం బర్రె కొమ్ముని, జింక కొమ్ముని, రెండింటినీ కొమ్మే అంటాం గానీ అవి ఒకటి కాదు. బర్రెది పైన ఉండేది మన గోరు లాంటి పదార్థం, లోపల ఎముక, అది జీవితాంతం ఉంటాది. జింకది మొత్తం ఎముకే, మామూలుగా ఏటా ఊడిపోయి మళ్లీ కొత్తది మొలుస్తాది, అదీ దాదాపు అన్ని రకాల్లో మగదానికే. మొలిచేటప్పుడు పైన మెత్తటి నూగు చర్మం, లోపల రక్తం పారతా ఉంటాది, తర్వాత గట్టిపడ్డాక ఆ చర్మం ఊడేటట్టు జింక పోయి చెట్లకి రుద్దుకుంటాది, ఆ గోధుమ రంగు అట్టా పడతాది. అంటే నీ చేతిలో ఉండేది ఎముక. ఎముకకి నీళ్లు పడవు, వేడి పడదు, ఇంక మిగతా జాగ్రత్తలన్నీ దాన్నుంచి వచ్చేవే.

మీ తాత 1960ల్లో ఒక కత్తి చేసినాడు. అప్పట్లో వెలికొండల్లో వేటకి పోయే పెద్దమనిషి ఒకాయన కణితి అనే పెద్ద జింక కొమ్ము ముక్క తెచ్చిచ్చి రెండు కత్తులు చేయమన్నాడంట, ఒకటి ఆయనకి, ఒకటి కూలి కింద మనకి. నేను పక్కన తిత్తి ఊదతా చూశా. కొమ్ము చివర కోస్తే చుట్టూ దంతం మాదిరి గట్టి భాగం, నడిమధ్యలో బెండు లాగా చిన్న చిన్న రంధ్రాలు. కత్తి తోకని, అంటే పిడిలోకి పోయే ఇనప కొసని, ఎర్రగా కాల్చి ఆ బెండులోకి దించినాడు, పళ్ల డాక్టరు దగ్గర పన్ను అరగదీస్తే వచ్చే కమురు వాసన ఉంటాది చూడు, అచ్చం అదే, కొలిమి నిండా. తర్వాత లక్క పొడి పోసి మళ్లీ వేడి తోక దించి, ఇత్తడి పొన్ను బిగించినాడు. ఆ పిడి పట్టుకుంటే వేళ్లు గాడుల్లో కూర్చునేయి, మాంసం కొవ్వు అంటిన చేత్తో పట్టుకున్నా జారేది కాదు. కొమ్ము పిడి గొప్పతనం ఇదేరా, అందం ఎట్టాగూ ఉంటాది గానీ జిడ్డు చేతిలో జారకపోవడం అసలైంది.

ఆ కత్తి మనింట్లో ఎన్నాళ్లు బాగుండింది అనుకున్నావు, ఒక్క సంక్రాంతి. మా అమ్మ కూర గిన్నెల జిడ్డు పోవాలని మరిగే నీళ్లు పోసి అన్నిటితో పాటు ఆ కత్తిని కూడా అందులో వేసింది, లక్క కరిగి బ్లేడు ఒకచోట పిడి ఒకచోట తేలినాయి. మీ తాత ఒక్క మాట అనలా. మళ్లీ బిగించినాడు గానీ ఆ కొమ్ముకి సన్నగా నెర్ర వచ్చేసింది, నీళ్లు అందులో చేరతా చేరతా లోపల తోక తుప్పు పట్టి రెండేళ్లకి విరిగింది. ఇప్పుడు లక్క బదులు ఎపాక్సీ జిగురు వాడతారు గాబట్టి అంత తేలిగ్గా ఊడదు, కానీ డిష్‌వాషర్‌లో వేస్తే ఎముకకి జరిగేది అప్పటికీ ఇప్పటికీ అదే.

అందుకని కొనేటప్పుడు మెరుపు చూడమాక, అతుకు చూడు. బ్లేడు పిడిలోకి దిగే చోట గోరు దూరే సందు ఉంటే వద్దను. పిడి చివర చూడు, బెండు భాగం ఎక్కువుండి గట్టి భాగం పల్చగా ఉంటే అది తొందరగా పగులుద్ది. రెండు పక్కల రెండు పలకలు పెట్టి రివిట్లు కొట్టిన రకమైతే ఆ రెండిటి గీతలు ఒకదానికొకటి అచ్చు గుద్దినట్టు ఉండాయేమో చూడు, ఉంటే అది ప్లాస్టిక్, నిజం కొమ్ములో ఏ రెండు గాడులూ ఒకలా ఉండవు. గొడ్డు ఎముకని చెక్కి రంగేసి కొమ్ము మాదిరి అమ్మేది కూడా ఉండాది, అది మోసమని చెప్పను, ఎముక అని చెప్పి అమ్మితే అదీ మంచి పిడే, ధర మాత్రం కొమ్ము ధర ఇవ్వమాక. ఇంకోటి, అరగదీసిన చోట కొమ్ము తెల్లగా బయటపడితే రంగు కలపడానికి పొటాషియం పర్మాంగనేట్ నీళ్లు పూస్తారు, మన చేపల చెరువుల్లో కలిపే ఊదారంగు మందే, దాంతో గోధుమ రంగు వస్తాది. కాబట్టి రంగుని చూసి పాతదని నమ్మమాక.

షాపు వాడు "ఇండియన్ సాంబార్" అంటే కాస్త ఆగు. సాంబార్ అంటే మన కణితే. దాని కొమ్ములో బెండు తక్కువ, గట్టిదనం ఎక్కువ, అందుకే ఒకప్పుడు ఇంగ్లండ్‌లో షెఫీల్డ్, జర్మనీలో సోలింగెన్ కత్తుల వాళ్లు మన దేశం నుంచే తెప్పించుకునేవాళ్లు. 1990ల చివర్లో మన ప్రభుత్వం ఎగుమతి ఆపేసింది, అందుకని పాత స్టాకు అంటా ధర పెంచి చెప్తారు. నీకెందుకు అది, అక్కడి ఎర్ర జింక ఊడగొట్టుకున్న కొమ్ముతో చేసింది తీసుకో, కొంచెం బెండు ఎక్కువైనా ఇంటి వాడకానికి చాలు.

ఇంటి వాడకం అంటే కూడా రోజూ ఉల్లిపాయలు తరగడానికి కాదు. దానికి పది పౌండ్ల ప్లాస్టిక్ పిడిది పెట్టుకో. ఇది ఆదివారం మటన్ కోయడానికి, బ్రెడ్డు, పండు కోసుకోడానికి. పని అయిన వెంటనే తడి గుడ్డతో తుడిచి, పొడి గుడ్డతో తుడిచి, నిలబెట్టకుండా పడుకోబెట్టి ఆరబెట్టు. మీ పెద్దమ్మ అడిగిన దానికి జవాబు కూడా ఇదే, గాడుల్లో జిడ్డు చేరితే మెత్తటి పాత టూత్‌బ్రష్, రెండు చుక్కల సబ్బు నీళ్లు, అంతే. ఆరు నెలలకోసారి మినరల్ ఆయిల్ ఒక చుక్క రుద్దు, కొబ్బరి నూనె రాయమాక, ముక్కిపోయి కంపు కొడతాది. హీటర్ పక్కన పెట్టమాక. పొరపాటున గీకాల్సొచ్చినా మూతికి మాస్కు కట్టుకో, ఎముక దుమ్ము ఊపిరితిత్తులకి మంచిది కాదు. ఇంట్లో కుక్క ఉంటే అందకుండా పెట్టు, ఈ కొమ్ము ముక్కలు కుక్కలకి నమలడానికి అమ్ముతారు గదా అక్కడ, వాటికేం తెలుసు అది నీ ముచ్చటైన కత్తని.

అక్కడ ఇట్టాంటి కత్తి జేబులో వేసుకుని వీధిలోకి పోవడం నేరం, సరైన కారణం ఉంటే తప్ప. కొన్నాక డబ్బాలో పెట్టించుకుని నేరుగా ఇంటికి పో.

ఇంక ఇక్కడికి తెచ్చే సంగతి. తేవద్దురా. మన దగ్గర 1972 వన్యప్రాణి చట్టం ఉండాది, కణితి, చుక్కల దుప్పి కొమ్ములు అడివిలో ఊడి పడినా ప్రభుత్వానివే, ఏరుకోవడం, అమ్మడం, కొనడం ఏదీ కుదరదు. కొందరు "ఊడిందే గదా, దేన్ని చంపాం" అంటారు, నేనూ ఒకప్పుడు అన్నా. కొమ్ముకి ధర పలికితే ఊడేదాకా ఆగేదెవురు చెప్పు. పైగా అడివిలో పడ్డ కొమ్ముని ఏదుపందులు, జింకలే కొరుక్కుంటాయి సున్నం కోసం. ఎయిర్‌పోర్టులో ఆఫీసరు అడిగితే ఇది స్కాట్లాండ్ జింకది, పెంచలకోన దుప్పిది కాదని నువ్వు నోటితో ఎట్టా రుజువు చేస్తావు?

ఇక్కడ వాడుకోడానికి నీకొక కత్తి నేను చేసి పెడతా. తుమ్మ చెక్క పిడి అయితే మన ఎండకి ఆగుతాది, లేదంటే మన ఉదయగిరి గరిటెలు చేసేవాళ్ల దగ్గర నర్ది చెక్క ముక్క అడిగి తెస్తా, నున్నగా వస్తాది, చేతిలో బరువుండదు. బర్రె కొమ్ము మాత్రం అడగమాక, ఒకసారి చేసి రోహిణి కార్తెలో మిద్దె మీద మర్చిపోయా, వంకర తిరిగి రివిట్టు దగ్గర టప్పున పగిలింది.

నువ్వు చూసిన ఆ కత్తి పిడి చివర, బ్లేడు దిగే చోట, రెండు ఫోటోలు దగ్గర్నుంచి తీసి పంపు. నేను చూసి చెప్పేదాకా డబ్బు కట్టమాక. పండక్కి వచ్చేటప్పుడు నాకు మాత్రం అక్కడ దొరికే సన్న రకం సాన రాయి ఒకటి పట్రా.

మీ పెదనాయన