తుపాకీ సైలెన్సర్‌ని ట్రస్టు పేరు మీద పెడితే హెచ్1బీ తమ్ముడు వాడుకోవచ్చా?

ప్రశ్న: లాయర్ గారికి నమస్కారం. మాది తెనాలి దగ్గర పల్లె. పదహారేళ్లుగా డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటున్నాం. నేను అమెరికన్ సిటిజన్‌ని, నా భార్యకి గ్రీన్ కార్డు ఉంది. 2023లో 200 డాలర్లు పన్ను కట్టి నా పేరు మీద ఒక రైఫిల్ సైలెన్సర్ (పేలిన చప్పుడు తగ్గించే గొట్టం) కొన్నాను. ఇప్పుడు ఇంకోటి కొందామనుకుంటున్నాను. గన్ ట్రస్టు పెట్టి ఇంట్లోవాళ్లందరినీ ట్రస్టీలుగా వేస్తే ఎవరైనా వాడుకోవచ్చనీ, పాత సైలెన్సర్‌ని కూడా ట్రస్టు కాగితంలో రాసేస్తే సరిపోతుందనీ ఒక ఫ్రెండ్ అంటున్నాడు. మా తమ్ముడు హెచ్1బీ మీద మాతోనే ఉంటాడు, గ్రీన్ కార్డు కోసం కంపెనీ పెట్టిన ఐ-140 పిటిషన్ అప్రూవ్ అయింది. మామగారు విజిటర్ వీసా మీద వచ్చి ఉన్నారు. అబ్బాయికి 17 ఏళ్లు. వచ్చే ఏడాది ఉద్యోగం న్యూజెర్సీకి మారేలా ఉంది. పన్ను తీసేశారు కదా, రూల్స్ కూడా పోయినట్టేనా?

జవాబు: ముందు ఒక మాట అడుగుతాను. మీ గన్ సేఫ్ కోడ్ ఇంట్లో ఎంతమందికి తెలుసు? మీ భార్యకి తెలిసే ఉంటుంది. తమ్ముడికి కూడా తెలుసంటే, ట్రస్టు సంగతి తర్వాత, ఈ రాత్రే కోడ్ మార్చండి. ఎందుకో చెబుతాను.

1934 నాటి నేషనల్ ఫైర్ ఆర్మ్స్ యాక్ట్ కొన్ని వస్తువులని ప్రత్యేకంగా రిజిస్టర్ చేయించమంటుంది. సైలెన్సర్లు, మెషిన్ గన్‌లు, 16 అంగుళాల కంటే పొట్టి గొట్టం ఉన్న రైఫిళ్లు, 18 అంగుళాల కంటే పొట్టి గొట్టం ఉన్న షాట్‌గన్‌లు ఆ జాబితాలోవే. వీటిలో ఒకటి వ్యక్తి పేరు మీద రిజిస్టర్ అయితే అది ఆ వ్యక్తి చేతిలోనే ఉండాలి. మీరు ఊళ్లో లేనప్పుడు మీ భార్య సేఫ్ తీసి దాన్ని అందుకోగలిగితే, ఆవిడ ముట్టుకున్నా ముట్టుకోకపోయినా వస్తువు ఆవిడ స్వాధీనంలో ఉన్నట్టేనని ప్రాసిక్యూటర్ వాదించవచ్చు. రిజిస్ట్రేషన్ లేని స్వాధీనానికి పదేళ్ల దాకా జైలు ఉంది. గన్ ట్రస్టు పుట్టింది ఈ చిక్కు విప్పడానికే. వస్తువు ట్రస్టు పేరు మీద ఉంటే అర్హత ఉన్న ట్రస్టీలు ఎవరైనా దగ్గర ఉంచుకోవచ్చు, షూటింగ్ రేంజ్‌కి తీసుకెళ్లవచ్చు.

ట్రస్టు అనగానే మనకి గుడి, ధర్మసత్రం, ఫలానా ఫౌండేషన్ గుర్తొస్తాయి. ఇక్కడి గన్ ట్రస్టు అంత పెద్ద వ్యవహారం కాదు. టెక్సస్‌లో దానికి విడిగా ఏ ఆఫీసులోనూ రిజిస్ట్రేషన్ ఉండదు. మీరు రాసి సంతకం పెట్టిన పత్రమే ట్రస్టు, నోటరీ చేయించడం మంచి అలవాటు. అయితే ఆ పత్రంలో ట్రస్టీ, లబ్ధిదారు రెండూ మీరొక్కరే అయితే టెక్సస్ చట్టం ప్రకారం ట్రస్టు నిలవదు. ఆన్‌లైన్‌లో అమ్మే రెడీమేడ్ పత్రాలతో నాకున్న తగాదా ఇలాంటి చోటే. మొన్న ఒకాయన తెచ్చిన పత్రంలో ట్రస్టుకి ఫ్లోరిడా చట్టం వర్తిస్తుందని ఉంది. ఆయన పుట్టి బుద్ధెరిగి ఫ్లోరిడాలో అడుగు పెట్టలేదు.

ఇక అసలు విషయం మీ తమ్ముడు. ఫెడరల్ చట్టం ప్రకారం నాన్-ఇమ్మిగ్రెంట్ వీసా మీద వచ్చినవాళ్లు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర పెట్టుకోకూడదు. హెచ్1బీ, హెచ్4, ఎఫ్1, విజిటర్ వీసా అన్నీ ఇందులోకే వస్తాయి. అదే చట్టంలో 'తుపాకీ' అనే మాటకి ఇచ్చిన అర్థంలో సైలెన్సర్ కూడా ఉంది. కాబట్టి అది ఉత్త గొట్టమే కదా అనే వాదన చెల్లదు. ఐ-140 అప్రూవ్ అయిందంటారా, అది గ్రీన్ కార్డు క్యూలో చోటు దొరికినట్టు. స్టేటస్ మారినట్టు కాదు.

ట్రస్టులో పేరు రాసినంత మాత్రాన ఈ నిషేధం పోదు. తుపాకీల వ్యవహారాలు చూసే ఫెడరల్ సంస్థ ఏటీఎఫ్ తెచ్చి, 2016 జూలై 13 నుంచి అమల్లో ఉన్న 41ఎఫ్ రూల్ ప్రకారం, ట్రస్టు తరఫున వస్తువుని తీసుకునే, దాచే, అమ్మే అధికారం ఉన్న ప్రతి మనిషీ 'రెస్పాన్సిబుల్ పర్సన్' అవుతాడు. ట్రస్టు దరఖాస్తు పెట్టినప్పుడల్లా అలాంటి వాళ్లందరూ విడిగా ఫారం నింపి, ఫొటో, వేలిముద్రలు ఏటీఎఫ్‌కి పంపాలి. స్థానిక పోలీసు అధికారికి కాపీ వెళ్లాలి. ఆ రూల్ రాకముందు ట్రస్టులకి ఈ వేలిముద్రల బెడద లేదు. మీ ఫ్రెండ్ చెబుతున్నది బహుశా ఆ రోజుల మాట. ఇప్పుడు తమ్ముడి పేరు వేస్తే, ఆయన అనర్హతని మీ చేత్తోనే గవర్నమెంటుకి రాసిచ్చినట్టు.

ఒక మినహాయింపు ఉంది, దాచను. అమెరికాలో ఏ రాష్ట్రమైనా సరిగ్గా ఇచ్చిన వేట లైసెన్సు దగ్గరుంటే నాన్-ఇమ్మిగ్రెంట్‌కి ఈ నిషేధం వర్తించదు. దాన్ని నమ్ముకుని హెచ్1బీ మీద తుపాకీలు కొన్నవాళ్లు మనవాళ్లలోనూ ఉన్నారు. చట్టప్రకారం తప్పు లేదు. కానీ టెక్సస్ వేట లైసెన్సు ఆగస్టు 31తో ముగుస్తుంది. రెన్యూ చేయడం మర్చిపోయారనుకోండి, సెప్టెంబర్ 1 పొద్దున బీరువాలో ఉన్న వస్తువు అదే, మీ తమ్ముడు మాత్రం ఫెడరల్ నేరంలో ఉన్నాడు. 2022 సవరణ తర్వాత ఆ నేరానికి గరిష్ఠ శిక్ష 15 ఏళ్లు. తెలిసి అందించినందుకు మీకూ అంతే. ఆపైన తుపాకీ నేరంలో శిక్ష పడితే సిటిజన్ కానివాళ్లని దేశం నుంచి పంపేయడానికి అదొక్కటే చాలు. ఈ మాట మీ భార్యకీ వర్తిస్తుంది, గ్రీన్ కార్డు అడ్డం రాదు. ఏటా గడువు తీరే కాగితం మీద ట్రస్టు కట్టమని నేనైతే చెప్పను.

'రేంజ్‌లో ఒక్కసారి పట్టుకుంటే ఏమవుతుంది' అని చాలామంది అడుగుతారు. ఫ్లోరిడాలో చదువుకోవడానికి స్టూడెంట్ వీసా మీద వచ్చిన రెహైఫ్ అనే అతన్ని చదువు సరిగ్గా సాగక యూనివర్సిటీ తీసేసింది. తర్వాత ఒక షూటింగ్ రేంజ్‌కి వెళ్లి తుపాకీలు పేల్చాడు. కేసు పెట్టారు, శిక్ష పడింది. 2019లో సుప్రీం కోర్టు ఆ శిక్షని కొట్టేసింది. తన స్టేటస్ చట్టవిరుద్ధమైందని అతనికి తెలుసని కూడా ప్రభుత్వం రుజువు చేయాలన్నది ఆ తీర్పు. సంతోషమే. కానీ హెచ్1బీ స్టాంపు పాస్‌పోర్టులో పెట్టుకున్న మనిషి 'నా వీసా ఏమిటో నాకు తెలియదు' అని ఏ కోర్టులో అంటాడు?

మామగారి పరిస్థితీ తమ్ముడిదే. అబ్బాయిని లబ్ధిదారుగా రాయండి. దాచే, అమ్మే అధికారం ఇవ్వనంత వరకు లబ్ధిదారు వేలిముద్రలు ఇవ్వక్కర్లేదు. మీ భార్య నిక్షేపంగా ట్రస్టీ కావచ్చు.

మీ పాత సైలెన్సర్ విషయంలో ఫ్రెండ్ మాట వినకండి. మామూలు రైఫిల్ అయితే ట్రస్టు ఆస్తుల పట్టికలో రాసి సంతకం పెడితే సరిపోతుంది. సైలెన్సర్ మీ పేరు మీద రిజిస్టర్ అయి ఉంది, ట్రస్టు చట్టం దృష్టిలో వేరే యజమాని. మీ నుంచి ట్రస్టుకి మార్చడానికి ఏటీఎఫ్‌కి ఫారం 4 (యాజమాన్యం మార్పు దరఖాస్తు) మళ్లీ పెట్టి, అనుమతి వచ్చేదాకా ఆగాలి. ఇక్కడే పన్ను రద్దు మీకు కలిసొస్తుంది. 2025 జూలై 4న సంతకమైన చట్టం వల్ల 2026 జనవరి 1 నుంచి సైలెన్సర్లకీ పొట్టి రైఫిళ్లకీ పన్ను సున్నా అయింది. మెషిన్ గన్‌లకి 200 డాలర్లు అలాగే ఉంది. తగ్గింది పన్ను ఒక్కటే. ఫారం, వేలిముద్రలు, రిజిస్ట్రేషన్ ఎక్కడికీ పోలేదు. పన్ను లేదు కాబట్టి ఫారం కూడా అక్కర్లేదనుకున్నవాళ్ల కేసులు ముందుముందు చూస్తామని నా అనుమానం.

న్యూజెర్సీ అన్నారు. అక్కడ సామాన్యులు సైలెన్సర్ ఉంచుకోకూడదు. కాలిఫోర్నియా, న్యూయార్క్ కూడా అంతే. మన జనం ఎక్కువగా ఉండే రాష్ట్రాలు కావడం ఖర్మ. ఏటీఎఫ్ ఇచ్చిన అనుమతి కాగితం చూపించినా అక్కడి పోలీసు ఒప్పుకోడు. ట్రస్టు నిజంగా పనికొచ్చేది ఇలాంటప్పుడే. టెక్సస్‌లోనే ఉండిపోయే నమ్మకస్తుడైన స్నేహితుణ్ని, సిటిజన్ అయితే మరీ మంచిది, ఇప్పుడే సహ ట్రస్టీగా పెట్టుకుంటే మీరు వెళ్లాక వస్తువులు ఆయన దగ్గర ఉంటాయి. కానీ ఆయనకి అమ్మే అధికారం కూడా వస్తుందని మర్చిపోకండి. పత్రంలో ఆ అధికారాన్ని ఎక్కడ కత్తిరించాలో లాయర్‌తో కూర్చుని రాయించుకోండి. ఇంట్లో గొడవలై పోలీసు కేసు దాకా వెళ్లినవాళ్లని మాత్రం ట్రస్టీగా వద్దు. గృహహింస కేసులో చిన్న శిక్ష పడినా తుపాకీ హక్కు పోతుంది.

మీరు పోయాక ఏమిటన్నది కూడా అందులోనే రాయాలి. మీ తర్వాత బాధ్యత తీసుకునే ట్రస్టీ ఎవరో చెప్పండి. లబ్ధిదారుకి పన్ను లేకుండా ఫారం 5 మీద బదిలీ అవుతుంది. తెనాలిలో ఉన్న అన్నయ్య పేరు రాస్తే మాత్రం ఆయనకి అందేది ఏమీ ఉండదు. 'ఇండియాలో ఉన్నవారి వాటాని డీలరు ద్వారా అమ్మి సొమ్ము ఇవ్వాలి' అని ఒక వాక్యం పెట్టండి. అన్నట్టు, రేంజ్‌కి తీసుకెళ్లే బ్యాగుని ఇండియా ప్రయాణానికి వాడకండి. అడుగున ఉండిపోయిన ఒక్క తూటా శంషాబాద్ ఎయిర్‌పోర్టులో ఆయుధాల చట్టం కేసు అవుతుంది.

మీ పత్రాలు చూడకుండా ఇంతవరకే చెప్పగలను. పాత ఫారం 4 కాపీ, మీ సిటిజన్‌షిప్ సర్టిఫికెట్, భార్య గ్రీన్ కార్డు పట్టుకుని మీ దగ్గర్లో ఈ పని చేసే లాయర్‌ని కలవండి. తమ్ముడికి గ్రీన్ కార్డు వచ్చిన రోజున ట్రస్టులో ఆయన పేరు చేర్చడం రెండు పేజీల సవరణ. అప్పటిదాకా సేఫ్ కోడ్ మీకూ మీ భార్యకీ మధ్యే ఉండాలి. ఆవిడకి కొత్త కోడ్ చెప్పడం కూడా పాత సైలెన్సర్ ట్రస్టుకి మారాకే.