నీళ్లు ఏవో అడగకుండా నేను సోడా ముట్టను

కూల్‌డ్రింకులు, సోడాలు, జ్యూసులు తాగేముందు అందులో ఏమేం కలిపారో చూస్తారా, ఏది ఉంటే వద్దంటారు అని అడిగారు. అందరూ చక్కెర, రంగు, శాక్రిన్ అంటారు. అవీ చూడాల్సిందే. నేను మాత్రం ముందు నీళ్లు చూస్తాను. సీసా మీద పదార్థాల పేర్లు బరువును బట్టి రాస్తారు, ఎక్కువున్నది ముందు. ఏ కూల్‌డ్రింకు తీసుకున్నా మొదటి పేరు నీళ్లదే. జనం దాన్ని దాటేసి చక్కెర దగ్గర ఆగుతారు.

మాది నల్లగొండ జిల్లా, మర్రిగూడ వైపు. బోరు నీళ్లలో ఎక్కువైతే పళ్లను పాడుచేసి, ఎముకలను బిగుసుకుపోయేలా చేసే ఫ్లోరైడ్ గురించి మాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. మా పెద్దనాన్నకు మెడ తిరగదు. వెనక నుంచి ఎవరైనా పిలిస్తే మనిషి మొత్తం తిరగాలి.

ఐదేళ్ల కింద ఎండాకాలంలో ఆయనను ఆస్పత్రిలో చూపించి ఆటోలో తీసుకొస్తున్నాను. నోరు ఎండిపోతోందంటే రోడ్డు పక్కన నిమ్మసోడా బండి దగ్గర ఆపించాను. పిల్లగాడు నిమ్మకాయ పిండి, చిటికెడు ఉప్పేసి, ఐసు ముక్కలు వేసి, గోలీసోడా కొట్టి నురగ పొంగుతుండగా గ్లాసు చేతికిచ్చాడు. తల వెనక్కి వాల్చి తాగడం ఆయన వల్ల కాదు, అందుకని స్ట్రా అడిగి తీసుకున్నాను. ఆయన స్ట్రా నోట్లో పెట్టుకోలేదు.

"నీళ్లు ఏడియి బిడ్డా?" అన్నాడు.

"మా బోరుయే తాతా. మస్తు తియ్యగుంటయ్."

పెద్దనాన్న గ్లాసు మెల్లగా బండి మీద పెట్టి, జేబులోంచి పైసలు తీసి ఇచ్చాడు. "మావి గూడ తియ్యగనే ఉంటుండె" అన్నాడు. తర్వాత ఒళ్లంతా తిప్పుకుని ఆటో వైపు నడిచాడు.

ఫ్లోరైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. నీళ్లు కాచినా పోదు, ఆవిరైన కొద్దీ మిగిలిన నీళ్లలో ఇంకా చిక్కబడుతుంది. తాగే నీళ్లలో లీటరుకు 1 మిల్లీగ్రాము దాటొద్దని, వేరే దిక్కు లేకపోతే 1.5 వరకు అని మన దేశ ప్రమాణం. జ్యూస్ షాపులో ఒకాయన టీడీఎస్ మీటర్ ముంచి "చూడండి సార్, ఎంత తక్కువో" అన్నాడు. ఆ మీటర్ నీళ్లలో కరిగిన లవణాలన్నీ కలిపి లెక్క చెబుతుంది, అందులో ఫ్లోరైడ్ ఎంతో చెప్పదు. ఈ సంగతి తెలియకుండానే ఊరూరా వాటర్ ప్లాంట్లు నడుపుతున్నారు.

నాకు బాధేసేది ఇంకొకటి ఉంది. పటిక, సున్నం కలిపి నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి నల్లగొండ టెక్నిక్ అని మా జిల్లా పేరే పెట్టారు. 2004లో మా జిల్లాలోని కోదండాపురం దగ్గర శుద్ధి చేసిన కృష్ణా నీళ్లు హైదరాబాద్ చేరాయి. మా వాడకట్టు వాళ్లు అప్పటికీ బోరు దగ్గర బిందెలు పెట్టుకుని నిలబడుతున్నారు. మిషన్ భగీరథ నల్లా వచ్చే నాటికి పెద్దనాన్న ఎముకలు బిగుసుకుపోయాయి.

ఒక్క సోడాకు ఏమవుతుందని అడుగుతారు. సోడా ఒక్కటే ఎక్కడ? పొద్దున చాయ్, మధ్యాహ్నం సోడా, పెళ్లిలో రస్నా, అన్నీ అవే నీళ్లు. చాయ్ ఆకులో కూడా ఎంతో కొంత ఫ్లోరైడ్ ఉంటుంది. అందరికంటే ముందు చిన్నపిల్లల పళ్లు పాడవుతాయి, పచ్చగా, మచ్చలు మచ్చలుగా.

అందుకే నేను కృష్ణా నీళ్లా, బోరు నీళ్లా అని అడిగి తాగుతాను. ఐసు అసలే వేయించుకోను, అది ఏ నీళ్లతో చేశారో షాపు వాళ్లకే తెలియదు. బత్తాయి జ్యూస్ అయితే కళ్ల ముందు తొక్క తీసి, నీళ్లు, షుగర్ సిరప్ లేకుండా పిండమంటాను. ఇన్ని బత్తాయి తోటలున్న జిల్లాలో సగం గ్లాసు ఐసుతో నింపి బత్తాయి జ్యూస్ అని అమ్ముతుంటే కడుపు మండుతుంది. ఐసు లేకుండా అడిగితే ఇంకో పది రూపాయలు ఎక్కువ తీసుకుంటారు. అయినా సరే, ఇచ్చి తాగుతాను.