ముందు గాబ్లిన్‌ను రానివ్వు

అమ్మాయీ,

బల్ల చుట్టూ కూర్చుని పాచికలు వేస్తూ, తలా ఒక పాత్రగా సాహసకథ నడిపే ఆట డన్జన్స్ అండ్ డ్రాగన్స్. దాని పోరాట నియమాల మీద నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. మూడు పేజీలు గడిచినా ఒక్కరూ కత్తి దూయలేదు. ఆర్మర్ క్లాస్ (వేటును ఆపే కవచబలం), ఇనిషియేటివ్ (ఎవరి వంతు ముందో), హిట్ పాయింట్లు (ప్రాణబలం) అంటూ నిర్వచనాలు వరసగా పేర్చుకుంటూ పోయావు. కొత్తవాళ్ల కోసమే రాస్తున్నానని చెప్పుకున్న వ్యాసం ఇలా ఉంటే నాకు కోపం రాదా?

నియమం ఒక జవాబు. ఆటగాడి మనసులో ప్రశ్న పుట్టకముందే దాన్ని చేతిలో పెడితే ఎలా నిలుస్తుంది? నువ్వు తీసుకున్న 2014 నాటి ఐదో ఎడిషన్ నుంచే చెబుతాను. గాబ్లిన్ అనే పొట్టి రాక్షసికి ఆర్మర్ క్లాస్ 15, హిట్ పాయింట్లు 7. బలం 16 ఉన్న మొదటి లెవెల్ యోధుడు ఇరవై ముఖాల పాచిక వేశాడు. 9 పడింది. బలానికి 3, ప్రావీణ్యానికి 2 కలిపితే 14. వేటు తప్పింది. మళ్లీ తన వంతు వచ్చేసరికి 10 పడి మొత్తం సరిగ్గా 15 అయింది. ‘సమానమైతే తగిలినట్టా, తగలనట్టా?’ అని అడుగుతాడు. ఆర్మర్ క్లాస్ గురించి అప్పుడు చెప్పు. తగిలినట్టే. ఇక దాన్ని జన్మలో మరచిపోడు.

ఈలోగా రెండో గాబ్లిన్ మాంత్రికుడి మీదికి వచ్చింది. అతనికి ఉన్నవి 8 హిట్ పాయింట్లు. గాబ్లిన్ కత్తికి ఆరు ముఖాల పాచిక, దానిపైన 2. ఒక్క దెబ్బకే ఆ ఎనిమిదీ పోవచ్చు. ఊరికే వెనక్కి పరుగెత్తితే గాబ్లిన్ తన వంతు కాకపోయినా రియాక్షన్‌తో మరో వేటు వేస్తుంది. జాగ్రత్తగా తప్పుకునే డిసెంగేజ్ ఎంచుకుంటే ఆ వేటు తప్పుతుంది, కానీ ఆ వంతుకు ఉన్న యాక్షన్ ఖర్చయిపోయి దాడి మంత్రం వేయడానికి మిగలదు. ఆరు సెకన్ల రౌండులో ఇంత చిక్కు ఉంది. దీన్ని నువ్వు ‘యాక్షన్ల రకాలు’ అనే పట్టికలో పడేశావు!

పట్టికలంటే నాకు పాత పగ. పుస్తకం కొనే స్తోమత లేని రోజుల్లో అరువు తెచ్చుకుని, రాత్రుళ్లు కూర్చుని నియమాలన్నీ నోటుబుక్కులోకి ఎత్తి రాసుకున్నాను. ఆ కష్టంతో రాసిన తొలి వ్యాసంలో ఇలాంటి పోరాటమే ఉండేది. సంపాదకుడు దాన్ని పూర్తిగా కొట్టేసి ఒక పట్టిక అచ్చువేశాడు. పాఠకులకు తీరిక లేదట! ఆ సంచిక చూసి ఆడబోయిన కుర్రాళ్లు, ఎవరి వంతు ముందో తేలక ఆట మానేశామని నాకు రాశారు. ఇప్పుడేమో ఐదు చిట్కాలు, పది సూత్రాల ఫ్యాషన్. అదీ ఆ పట్టిక సంతానమే.

నిజానికి ఈ జబ్బు ఆటతోనే పుట్టింది. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ దీన్ని వెలువరించినప్పుడు, పోరాటాలకు 1971 నాటి చైన్‌మెయిల్ అనే యుద్ధక్రీడ నియమాలు దగ్గర ఉంచుకోమన్నారు. బొమ్మ సైన్యాలతో ఆడే అలవాటున్నవాళ్లకు అది సరిపోయింది. తెలిసినవాడి కోసం రాసే ఆ పద్ధతిని నువ్వూ ఎందుకు మోయాలి? మొదటి మూడు పేజీలూ తీసెయ్యి. గాబ్లిన్‌తో మొదలుపెట్టు. మంత్రాల గురించి అడిగావు, వాటికి ఇంకో ఉత్తరం కావాలి.

నాలుగో పేజీలో, మాంత్రికుడు కుప్పకూలాక బల్ల చుట్టూ ఎవరూ మాట్లాడని ఘట్టం బాగుంది. అక్కడ ఒక తప్పు దిద్దు. హిట్ పాయింట్లు సున్నా అయ్యాక చావుబతుకులు తేల్చే డెత్ సేవ్ పాచికలో 20 పడినా అతను స్పృహ లేకుండా, ప్రాణాపాయం మాత్రం తప్పి పడి ఉంటాడని రాశావు. అది మూడు విజయాలు వచ్చినప్పటి మాట. 20 పడితే 1 హిట్ పాయింటుతో కళ్లు తెరుస్తాడు. లేచి నిలబడటానికి ఆ వంతు కదలికలో సగం పోతుంది, యాక్షన్ మాత్రం చేతిలోనే ఉంటుంది. ఇప్పుడు అతను ఏం చేస్తాడో రాసి పంపు.