క్రూజర్ కొనాలా వద్దా: మీటియర్ 350 గురించి

మీ ఎత్తు 5 అడుగుల 4 అంగుళాలు, రోజూ కూకట్‌పల్లి నుంచి హైటెక్ సిటీకి ఆఫీసు, నెలకోసారి భార్యతో విజయవాడ అన్నారు, రాయల్ ఎన్‌ఫీల్డ్ వారి క్రూజర్ బైకు (తక్కువ ఎత్తు సీటుతో, దూర ప్రయాణాలకు వీలుగా ఉండే రకం) మీటియర్ 350 కొనాలా అని అడిగారు కదా. ఎత్తు గురించి బెంగ వద్దండి. మీటియర్ సీటు 765 మి.మీ. ఎత్తే, రెండు కాళ్లూ నేలకు హాయిగా ఆనతాయి. హైవే మీద 80-90లో వెళ్తుంటే అలసటే తెలియదు.

చిక్కంతా సిటీలోనే. బండి 191 కిలోలు. కదులుతున్నంతసేపూ బరువు తెలీదు, సెల్లార్ ర్యాంపు మీద వెనక్కి నెట్టాల్సి వచ్చినప్పుడు తెలుస్తుంది. ఇంకోటి చాలామంది చెప్పరు: ఫుట్‌రెస్టులు ముందుకు ఉంటాయి కాబట్టి గతుకు వచ్చినప్పుడు కాళ్ల మీద లేవలేం, ఆ కుదుపంతా నేరుగా నడుముకే. మీకు నడుం నొప్పి ఉంటే మాత్రం నేను వద్దనే అంటాను.

టెస్ట్ రైడ్‌కి మేడమ్‌ని కూడా తీసుకెళ్లండి. షోరూమ్ చుట్టూ ఒక రౌండు చాలదు, అరగంట అడగండి. వెనక సీటు ఆవిడకు నచ్చకపోతే విజయవాడ ప్రయాణాలు ఎలాగూ కారులోనే అవుతాయి. అప్పుడు అదే 349 సీసీ ఇంజన్‌తో 181 కిలోలుండే అదే కంపెనీ బైకు హంటర్ 350 తీసుకోండి.